శుభ్రత లీడరు

వెనకనుంచి వచ్చి రెండు చేతులతో కళ్ళు మూసి, "ఎవరో చెప్పుకో" అంది కూతురు.

ఇంట్లో ఉన్నదే నలుగురు. అందులో ఇలాంటి పనులు చేసేది ఒక్కతే. అయినా రోజూ ఆడే ఆటే కాబట్టి తల్లి కాసేపు ఆలోచించినట్టు నటించి, "పోలీసు" అంది.

"కాదు."

"మేస్త్రీ."

"ఛీ, ఆయన చేతులు ఇంత మెత్తగా ఉంటాయా?"

"అయితే మిడత..." అనబోయి ఆగిపోయింది. ముక్కు మీదున్న ఆ చిన్న వేళ్ళలోంచి ఫినాయిల్ వాసన గుప్పుమంది.

ముందు తన చేతుల వాసనే అనుకుంది. మునిసిపాలిటీలో ఊడ్చే పని ఆమెది. బజారు వీధి మొత్తం ఊడ్చి, కాలవల్లో పూడిక తీసి, చివర్న ఫినాయిల్ చల్లి వస్తుంది. ఆ వాసన ఒంటికి అంటుకుని ఇంటిదాకా వెంట రావడం మామూలే. కానీ ఇందాకే బట్టల సబ్బుతో మోచేతుల దాకా రుద్దుకుంది. ఒకసారి తన అరచెయ్యి వాసన చూసుకుంది. సబ్బు వాసనే. కూతురి చేతులు పట్టుకుని ముందుకు లాగి వాటి వాసన చూసింది.

"ఏంటే ఇది?"

పిల్ల చప్పున చేతులు వెనక్కి లాక్కుని గౌనుకి తుడుచుకుంది. ఆ వెంటనే గడగడా మొదలుపెట్టింది. "నీకు చెప్పలేదు కదూ! నన్ను శుభ్రత లీడర్ని చేశారు బళ్ళో. బాత్రూముల తాళంచెవి నా దగ్గరే ఉంటుంది తెలుసా? నేను తీస్తేనే తలుపు తీసినట్టు."

"లీడరంటే ఏం చెయ్యాలి?"

"నీళ్ళు కొట్టాలి, ఫినాయిల్ పొయ్యాలి, బ్రష్షుతో రుద్దాలి. ఆయా మానేసింది కదా, అందుకని."

"నువ్వొక్కదానివేనా?"

"లేదు. చెప్పులు కుట్టే తాత మనవరాలు ఉంది. కవలల్లో పెద్దది ఉంది. నేనే అందరికంటే బాగా రుద్దుతానంది టీచరు."

ముగ్గురూ దళితవాడ పిల్లలే. ముగ్గురి ఇళ్ళూ ఈ సందులోవే. తల్లి తను ఏరుతున్న చేటలోని బియ్యం వైపు చూస్తూ కూర్చుంది. కనబడిన రాయిని కూడా ఏరలేదు.

గుమ్మం దగ్గర కూర్చున్న అత్తగారికి మాత్రం మొహం చేటంత అయింది. "లీడరంటే మాటలా? నా మనవరాలు తాళంచెవులు పెట్టుకుని తిరుగుతోంది" అంటూ మెటికలు విరిచింది. ఆ సంబరంలోనే మిడత ఎగిరి మెట్టు దిగి, ఎగిరి సందులో పడింది. నడవడం అనేది ఆ పిల్లకి పుట్టుకతోనే రాలేదు. తండ్రి ఆ పేరు పెట్టింది అందుకే.

పిల్ల అవతలికి వెళ్ళాక ముసలామె కోడలివైపు తిరిగింది. "ఏంటలా మొహం ముడుచుకున్నావ్?"

"వాడ పిల్లలే కనబడ్డారా అత్తా, వాళ్ళకి?"

"చాల్లే ఊరుకో. ఏ బడీ మనల్ని గడప తొక్కనివ్వని రోజుల్లో ఆ మిషన్ వాళ్ళొచ్చి మన పిల్లల చేతికి పలకా బలపం ఇచ్చారు. మీ మామ సంతకం పెట్టడం నేర్చింది ఆ బళ్ళోనే. నాకు జ్వరమొచ్చి మంచం దిగలేకపోతే సిస్టరమ్మ ఇంటికొచ్చి మందు పోసింది. అట్లాంటివాళ్ళ కోసం రెండు బకెట్ల నీళ్ళు పోస్తే పిల్ల అరిగిపోతుందా?"

"అరిగిపోదు."

"మరింకేంటి?"

రేపట్నుంచి ఆ పని వద్దంటే పిల్ల ఎందుకని అడుగుతుంది. ఎందుకో చెప్పిన రోజున, తాళంచెవి ఊపుకుంటూ ఎగిరే ఆ పిల్ల ఇక ఉండదు. చెప్పకపోతే ఆ చేతులు ఇలాగే ఉంటాయి. ఎటు కదిలినా పిల్లకే దెబ్బ. కోడలు చేట పట్టుకుని అలాగే ఆలోచిస్తూ ఉండిపోయింది.

*

మర్నాడు మేస్త్రీ హాజరు తీసుకుని అందరికీ వీధులు పంచాడు. ఆమెది ఎప్పటిలాగే బజారు వీధి. పొడుగు కర్ర చీపురు రెండు చేతులా పట్టుకుని, నడుం కొంచెం వంచి, దుమ్ము లేవకుండా చిన్న చిన్న ఊపులతో ఊడ్చుకుంటూ పోతుంది ఆమె. రాత్రి కట్టేసిన షాపుల ముందు అట్టముక్కలు, ప్లాస్టిక్ తాళ్ళు, కుళ్ళిన కూరగాయలు. కుప్ప చేసి, రెండు రేకుముక్కలతో ఎత్తి బండిలో పోసి, మళ్ళీ ముందుకి. వీధి చివర్న మిషన్ బడి. రోజూ గేటు ముందు ఊడ్చేటప్పటికి లోపల ప్రార్థన అయిపోయి, పిల్లలు క్లాసుల్లోకి వెళ్ళిపోయి ఉంటారు.

ఆ రోజు గేటు దగ్గర చీపురు ఆపి ఊచల సందులోంచి లోపలికి చూసింది.

క్లాసులోంచి లెక్కల టీచరు గొంతు వినబడుతోంది. టీచరు ఒక ముక్క చెబుతుంటే పిల్లలంతా కలిసి అంటున్నారు. ఆవరణ చివర నీళ్ళ పంపు దగ్గర మిడత కనబడింది. గౌను అంచు పైకి దోపుకుంది. తన మోకాళ్ళంత ఎత్తున్న బకెట్‌ని రెండు చేతులా పట్టుకుని, ఒక పక్కకి వంగి మోసుకుపోతోంది. నీళ్ళు ఒలికి కాళ్ళన్నీ తడిశాయి. బాత్రూము తలుపు దగ్గర బకెట్ దించి నిలబడింది. లోపలికి వెళ్ళలేదు. క్లాసువైపు మొహం తిప్పి చెవి ఒగ్గింది. పెదవులు కదులుతున్నాయి. అక్కడ పిల్లలు అంటున్నది ఇక్కడ తనూ అంటోంది. మిగతా ఇద్దరిలో ఎవరో పంపు గట్టిగా కొట్టేసరికి నీళ్ళ చప్పుడులో టీచరు మాట కలిసిపోయింది. పిల్ల కాసేపు మెడ చాచి చూసి, ఇక లాభం లేదనుకుని బ్రష్షు తీసుకుని లోపలికి వెళ్ళింది.

తల్లి చీపురుని గేటు పక్కన గోడకి ఆనించింది.

"ఏంటి వదినా, లోపల కూడా ఊడ్చేస్తావా ఏంటి? మా ఉద్యోగాలు ఉండనివ్వు" అన్నాడు వాచ్‌మన్. వాడలోని మనిషే, నవ్వించకుండా మాట్లాడలేడు. ఆమె మొహం చూసి ఆ నవ్వు మధ్యలోనే ఆపేశాడు. "ఏమైంది?" అంటూనే గేటు తీశాడు.

లెక్కలు చెబుతున్న టీచరే వాళ్ళ క్లాస్ టీచరు, పాఠం ఆపి వరండాలోకి వచ్చింది. చిన్నవయసు పిల్ల. మర్యాదగానే, "రండమ్మా, మిడత వాళ్ళ అమ్మ కదూ?" అంది.

"మా అమ్మాయి లెక్కల క్లాసులో లేదండీ."

"వచ్చేస్తుందమ్మా, ఆ పని అయ్యాక. రోజూ కాస్త ఆలస్యమవుతోంది, అంతే. మీ అమ్మాయి చాలా చురుకు. పని చెబితే కాదనదు."

"లీడర్ని చేశారంట కదండీ."

"లీడరా?" టీచరమ్మ అర్థం కానట్టు నవ్వింది. ఆ నవ్వు తల్లికి గుచ్చుకుంది.

"మిగతా పిల్లలకి చెప్పరా అండీ ఈ పని?"

"వాళ్ళకి చేతకాదమ్మా. ఒకరోజు చెప్పి చూశాను, ముక్కు మూసుకుని నిలబడ్డారు. వాళ్ళకి అలవాటు లేదు."

"మా అమ్మాయికీ అలవాటు లేదండీ" అంది తల్లి. గొంతు పెంచలేదు. "మా ఇంట్లో దాన్ని చీపురు కూడా ముట్టుకోనివ్వను. నాకు ఎంత ఒంట్లో బాలేకపోయినా సరే. మీ బళ్ళోనే మొదటిసారి పట్టుకుంది."

టీచరమ్మ చేతిలో సుద్దముక్కని వేళ్ళమధ్య తిప్పుతూ, "నేను... ఆ ఉద్దేశంతో కాదమ్మా. ఎవరు చేస్తారా అని చూస్తే వీళ్ళు కనబడ్డారు" అంది. తర్వాత ఇంకా చిన్న గొంతుతో, "పెద్ద సిస్టరుతో మాట్లాడండి" అంది.

పెద్ద సిస్టరు గదిలో బీరువాకీ బల్లకీ మధ్య ఒక మనిషి పట్టేంత చోటే ఉంది. ఆవిడ వయసు మీద పడిన మనిషి. కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టి, చెప్పినదంతా అడ్డుపడకుండా వింది.

"చూడమ్మా, పనిలో చిన్నా పెద్దా ఏమీ లేదు. మా గదులు మేమే కడుక్కుంటాం. నా బట్టలు నేనే ఉతుక్కుంటాను."

"మీరు మీవి కడుక్కుంటారు సిస్టరమ్మగారూ. మా పిల్లలు అందరివీ కడుగుతున్నారు."

పెద్ద సిస్టరు కళ్ళజోడు మళ్ళీ కళ్ళ మీదకి దించుకుంది. ఈ మనిషిని అప్పుడే సరిగ్గా చూస్తున్నట్టు చూసింది. "ఆయా మానేశాక ఎవరూ దొరకలేదు. పిల్లలతో చేయించడం తాత్కాలికమే అనుకున్నాను" అంది. కొంచెంసేపు ఆలోచించి, మంచి ఉపాయం తట్టినట్టు మొహం తేటపడి, "పోనీ, నువ్వే రాకూడదూ? ఆయా పనికి? ఎండలో వీధులు ఊడ్చేకంటే నీడపట్టున ఉంటావు. పిల్ల కళ్ళముందు ఉంటుంది. ఆ ముగ్గురికీ ఈ పని తప్పిపోతుంది" అంది.

ఆవిడ మాటలో కపటం లేదు. "రేపు చెబుతానండీ" అని తల్లి బయటికి వచ్చి, గోడకి ఆనించిన చీపురు తీసుకుంది. మిగిలిన పని ఎలా చేసిందో ఆమెకే తెలియదు. మేస్త్రీ వచ్చి, "ఏమ్మా, ఇవాళ చెత్తని ఎత్తకుండా దిష్టి తీసి వదిలేశావా?" అని అరిస్తే, వెనక్కి వెళ్ళి మళ్ళీ ఊడ్చింది.

*

"ఇందులో ఆలోచించడానికేముంది?" అంది అత్తగారు. "దేవుడే అన్నం కలిపి ముద్ద నోటి దగ్గర పెట్టాడు."

చెత్తబండి తోలి వచ్చిన మిడత తండ్రి స్నానం చేసి తల తుడుచుకుంటున్నాడు. అతనికీ ఆ మాట నచ్చినట్టే ఉంది. "ఎండా వానా ఉండదు. మేస్త్రీ నోరు ఉండదు. పెద్ద సిస్టరు మంచి మనిషి" అన్నాడు.

"మంచి మనిషే. అందుకే నోరు పెగల్లేదు నాకు."

"మరి ఇబ్బందేంటే?"

"ఆ పని పిల్లచేతిలోంచి తీసి ఎవరి చేతిలో పెడుతున్నారో చూడు. వాడ దాటి అవతలికి పోలేదు వాళ్ళ చూపు."

అతను తువ్వాలు భుజం మీద వేసుకున్నాడు. "నేను చెత్తబండి తోలితే లేదా?" అన్నాడు మెల్లగా.

"నువ్వు తోలు, నేను ఊడుస్తాను. మన ఇద్దరితో ఆగిపోవాలనే కదా దాన్ని బళ్ళో వేసింది."

అత్తగారు గొణుగుతూ గోడవైపు తిరిగింది.

అయినా ఆమె మనసు అటూ ఇటూ ఊగుతూనే ఉంది. తను ఒప్పుకుంటే రేపు పొద్దున్నుంచే పిల్ల లెక్కల క్లాసులో కూర్చుంటుంది. గొడవ లేదు, ఎవరికీ కోపాలు లేవు. తన చేతులు ఎలాగూ ఆ వాసనవే. పిల్ల చేతులు బయటపడతాయి. చాలదా?

మిడత అన్నం తింటూ ఉంటే పక్కన కూర్చుని, మాటలో మాటగా అడిగింది. "నేను మీ బళ్ళో పనికి వస్తే ఎలా ఉంటుందే?"

"ఏం పని?"

"ఆయా పని."

ముద్ద నోటిదాకా తీసుకెళ్ళి మిడత చెయ్యి ఆగింది. తల ఎత్తలేదు. "నేను చేస్తున్నాగా" అంది. "నువ్వెందుకు?"

"నీకు లెక్కలు పోతున్నాయి కదా."

"పోతే పోనీ. నువ్వు రావొద్దు." అంతవరకూ ఎప్పుడూ వినని పెద్దరికం ఉంది ఆ గొంతులో. కంచంలో ఇంకా అన్నం ఉండగానే లేచి చెయ్యి కడుక్కుంది. చాలాసేపు కడుక్కుంది.

*

పొద్దున్నే మేస్త్రీని బతిమాలి కాస్త ముందుగా బడి గేటు దగ్గరికి చేరింది తల్లి. పెద్ద సిస్టరు వరండాలో పూలకుండీలకి నీళ్ళు పోస్తోంది.

"వచ్చావా? ఎప్పట్నుంచి చేరతావు?"

"చేరనండీ."

ఆవిడ చెంబు పక్కన పెట్టింది.

దారి పొడుగునా అల్లుకుంటూ వచ్చిన మాటలన్నీ ఆ క్షణంలో ఎటో పోయాయి. మిగిలినవే చెప్పింది. "మీ గేటు బయట రోజూ ఊడుస్తాను సిస్టరమ్మగారూ. అది నా ఉద్యోగం, దాంట్లో నాకు నామోషీ లేదు. కానీ గేటు లోపలికి వస్తే దాని అమ్మగానే వస్తాను. ఇంకోలా రాను. నేను ఇక్కడ బ్రష్షు పట్టుకుంటే, రేపు ఎవరైనా దానికి బ్రష్షు ఇవ్వడానికి వెనకాడరు. వాళ్ళ అమ్మ పనే కదా అంటారు."

"ఈ బడి పెట్టిందే మీ పిల్లల కోసం" అంది పెద్ద సిస్టరు. ఆ మాట ఎవరితో అంటున్నదో ఆవిడకే తెలియనట్టు ఉంది. "ఇన్నేళ్ళలో ఎవరూ నాతో ఇలా అనలేదు."

"అనరండీ. మా అత్త ఇప్పటికీ మీరు పోసిన మందు గురించే చెప్పుకుంటుంది. మీరంటే అంత గౌరవం. ఆ గౌరవంతోనే నేనూ నిన్న నోరు నొక్కుకున్నాను."

"ఆయా దొరికేదాకా మరి ఎవరు కడగాలంటావు?"

"అది నేను చెప్పేది కాదండీ. అందరూ వాడుకునేవే కదా."

పెద్ద సిస్టరు తల ఊపింది. అది ఒప్పుకోవడమో, ఇక వెళ్ళమనడమో అర్థం కాలేదు. "పనికి ఆలస్యమవుతుంది నీకు, వెళ్ళమ్మా" అంది.

ఆమె వెళ్ళిపోయింది. అంతా చెడగొట్టుకున్నాననే అనుకుంది. మేలు చేసినవాళ్ళ మొహాన ఎదురు చెప్పింది. ఇంటికెళ్ళి అత్తకి ఏం చెప్పాలి? పిల్లని వాళ్ళు ఏమంటారో? వీధి మొదట్నుంచి ఊడ్చుకుంటూ వస్తోంది కానీ చెవులు బడి వైపే ఉన్నాయి.

ప్రార్థన గంట మోగింది. పాట అయింది. తర్వాత క్లాసులకి వెళ్ళే చప్పుడు రావాలి, రాలేదు. మైకులో పెద్ద సిస్టరు గొంతు వచ్చింది. ఆమె చీపురు ఆపింది.

"పిల్లలూ, బాత్రూములు కడిగే పని ఇన్నాళ్ళూ కొంతమంది మీదే పడింది. అలా పడనివ్వడం నా తప్పు. ఇవాళ్టినుంచి రోజుకో క్లాసు వాళ్ళు కడుగుతారు, బడి వదిలాక. పాఠాల వేళలో ఎవరూ బకెట్ ముట్టుకోకూడదు. టీచర్లు కూడా వాళ్ళ క్లాసుతో పాటే కడుగుతారు. మొదటి రోజు నాది. రేపు లెక్కల టీచరు క్లాసు వాళ్ళది. ఇప్పుడు అందరూ లోపలికి నడవండి."

అంతే. ఎవరి పేరూ ఎత్తలేదు. వాడ ఊసు ఎత్తలేదు. పక్క షాపువాడు, "ఏమ్మా, నా ముందే నిలబడిపోయావు, బేరం చూసుకోవాలి" అంటే గానీ తల్లి కదల్లేదు. ఆ తర్వాత వేసిన చీపురు ఊపుకి దుమ్ము లేచి అతని బల్ల మీద పడింది. అతను తిట్టుకున్నా ఆమెకి వినబడలేదు.

మిగతా కథ మూడో రోజు వాచ్‌మన్ నోట విన్నది. బట్టల షాపాయన మోటారుసైకిలు మీద గేటు దాకా వచ్చి, దిగకుండానే రంకెలేశాడట.

"'మా వాడు బాత్రూములు కడగడానికి వస్తున్నాడా మీ బడికి?' అన్నాడు వదినా. పెద్ద సిస్టరు ఏమందో తెలుసా? 'లేదండీ, వాడుకోవడానికి వస్తున్నాడు' అంది." వాచ్‌మన్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "పిల్లాణ్ణి మాన్పించేస్తా అన్నాడు. సిస్టరు సరే అంది. ఆ పిల్లాడేమో నేను మాననంటే మాననని ఏడుపు. ఇవాళ బడికొచ్చాడు చూడు, బుద్ధిగా. నిన్న సాయంత్రం మన టీచరమ్మ కొంగు నడుముకి చుట్టి బ్రష్షు పడితే, ఎవరో బకెట్ తన్నేశారు. ఆవిడ నిలువునా తడిసిపోయింది. పిల్లలు ఒకటే నవ్వు. ఆవిడా నవ్వింది."

తల్లి కూడా నవ్వింది. చీపురు కర్రకి గడ్డం ఆనించి, వీధి మధ్యలో, కళ్ళు తడిసేదాకా నవ్వింది.

*

మరో పొద్దున మిడతకి జడ వేస్తోంది తల్లి. పిల్ల గడప మీద కూర్చుని వీధివైపు చూస్తోంది. తల్లి వెనక పీట మీద కూర్చుని పాయలు తీస్తోంది. మూడు రోజులుగా పిల్ల తాళంచెవి ఊసెత్తలేదు. అలిగిందేమోనని తల్లికి బెంగ.

"పెద్ద సిస్టరుతో నువ్వే చెప్పావంట కదా" అంది మిడత.

"ఎవరన్నారు?"

"వాచ్‌మన్ బాబాయి."

"వాడి నోట్లో నువ్వుగింజ నానదు." తల్లి దువ్వెన పళ్ళకి చిక్కిన వెంట్రుకలు తీస్తూ, "లీడరు పని పోయిందని కోపమా?" అంది.

"కోపమేం లేదు. నాకది ఎప్పుడూ ఇష్టం లేదు."

తల్లి చెయ్యి ఆగింది. "మరి అంత ఎగిరావు?"

"ఎగరకపోతే నీకు తెలిసిపోదూ?"

"ఏం తెలిసిపోతుంది?"

మిడత కాలి బొటనవేలితో గడప ముందు మట్టిలో గీత గీసింది. "మమ్మల్నే ఎందుకు పెట్టారో" అంది. "మాకు మొదటిరోజే తెలిసింది. ఇంట్లో చెబితే బడి మాన్పించేస్తారని భయం వేసింది. అందుకని ముగ్గురం కూర్చుని అనుకున్నాం, లీడర్లని చెబుదామని. ఆ పేరు నేనే పెట్టాను. బళ్ళో శుభ్రత లీడరని ఎవరూ లేరమ్మా."

తల్లికి ఎదురుగా పిల్ల వీపూ, సగం అల్లిన జడా తప్ప ఏమీ కనబడటం లేదు. మొహం కనబడకపోవడమే మంచిదయింది ఇద్దరికీ.

"నిన్ను కూడా కడగమన్నారా, చిన్నప్పుడు?" అంది మిడత.

"కడగమన్నారు."

"నువ్వేం చేశావు?"

"మర్నాటినుంచి బడికి పోలేదు."

సందులో ఎవరో పంపు కొడుతున్నారు. ఆ చప్పుడు ఆగేదాకా తల్లి అదే పాయని దువ్వింది.

"నేనైతే మాననులే" అంది మిడత. పెద్ద ప్రమాణం చేసినట్టు కాదు, సాయంత్రం త్వరగా వచ్చేస్తాలే అన్నంత మామూలుగా అంది. "గట్టిగా అల్లమ్మా. పరిగెడితే ఊడిపోతోంది."

తల్లి పాయలన్నీ విప్పేసి మళ్ళీ మొదట్నుంచి అల్లింది. ఒక్కో మడతా బిగించి, చివర రిబ్బను ముడి వేసి, ముడి మీద ఇంకో ముడి వేసింది. వేసేశాక కూడా ఆ జడ చివర చేతిలోనే పట్టుకుని కూర్చుంది.

"అమ్మా, వదులు" అంది మిడత, అప్పటికే సగం లేచి. "గంట కొట్టేస్తారు."